బడి పంపిన దారి

(శ్రీకాకుళంలో జరిగిన మాస్టారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



చరిత్ర బోధన గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆ విషయమే మాట్లాడతాను. కాకపోతే దాన్ని ఒక చోటికి కట్టి మాట్లాడతాను. జపాన్ దేశానికి దక్షిణాన ఒకినావా ద్వీపం ఉంది. ఆ ద్వీపం దక్షిణపు కొసన, ఇతొమాన్ పట్టణం పరిధిలో, ఇహారా అనే చిన్న ఊళ్లో హిమేయురి శాంతి మ్యూజియం ఉంది. యుద్ధంలో చనిపోయిన బడిపిల్లల కోసం, వాళ్ల పక్క బెంచీల్లో కూర్చుని చదువుకుని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు పూనుకుని కట్టించినది. ఈమధ్య నాకు దాన్ని చూసే అవకాశం వచ్చింది. మాస్టారి పేరున మాట్లాడాలనగానే అదే గుర్తుకొచ్చింది. ఎందుకంటే అక్కడ ప్రతి గదిలోనూ మాస్టార్లున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకుని యుద్ధంలోకి నడిచినవాళ్లున్నారు, పిల్లలతోపాటు చనిపోయినవాళ్లున్నారు, బతికి బయటపడి మిగిలిన జీవితమంతా ఆ ఒక్కదానికే జవాబు చెప్పుకున్నవాళ్లున్నారు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆ ఆడపిల్లల్ని చావు దాకా తీసుకెళ్లిన చేతుల్లో బడి చెయ్యి కూడా ఉంది. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. బతికిన పిల్లలే చెప్పారు. తమ చదువులో ఏం తప్పు జరిగిందో వాళ్లే వెతికి, పట్టుకుని, గోడల మీద పెట్టారు. చరిత్ర చెప్పేవాళ్లూ వినేవాళ్లూ నిండి ఉన్న ఈ సభలో అంతకంటే దగ్గరి విషయం నాకు తోచలేదు.

మన పాఠ్యపుస్తకాల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ కొన్ని చోట్లే కనిపిస్తుంది. పెర్ల్ హార్బర్ దగ్గర ఒకసారి, నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ దగ్గర ఒకసారి, ఆఖర్న హిరోషిమా, నాగసాకిల దగ్గర. మన కోస్తావాళ్లకి 1942 ఏప్రిల్ 6 కూడా గుర్తే. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. పట్నం వదిలి పల్లెలకు పరుగులు తీసిన కథలు మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. ఒకినావా మాత్రం ఈ లెక్కలో ఎక్కడా రాదు.

ఒకినావా ఒకప్పుడు ర్యుక్యు అనే వేరే రాజ్యం. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని తనలో కలిపేసుకుంది. కలుపుకున్నాక అక్కడివాళ్లని అసలైన జపనీయుల్ని చేసే పని బడులకు అప్పగించింది. ఇంట్లో మాట్లాడే భాష బడిలో మాట్లాడితే పిల్లవాడి మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవారు. ఇంకొకడు నోరు జారి ఆ భాష మాట్లాడేదాకా పలక వాడి మెడలోనే ఉండేది. తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలక వేసిన వార్త మనమూ పేపర్లలో చదివినవాళ్లమే కాబట్టి ఆ పలక ఎంత బరువుంటుందో నేను వివరించక్కర్లేదు. అదే ఒకినావాలో 1945 ఏప్రిల్‌లో, యుద్ధం నడుస్తుండగా, ఒకినావా భాష మాట్లాడేవాళ్లని గూఢచారులుగా చూసి శిక్షిస్తామని జపాన్ సైన్యమే ఉత్తర్వు వేసింది. బడిలో మొదలైన పలక అక్కడిదాకా పోయింది.

1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ఒకినావా ప్రధాన ద్వీపం మీద దిగాయి. మూడు నెలల పోరులో రెండు లక్షల మందికి పైగా పోయారు. అమెరికన్లు 12,520 మంది. ఒకినావా మనుషులే 1,22,000 మందికి పైగా, అందులో ఆయుధం పట్టని మామూలు జనం 94,000 మంది ఉంటారని అక్కడి ప్రభుత్వ అంచనా. నలుగురిలో ఒకరు పోయారని అక్కడ అంటారు. ఎవరి ఇంటి తలుపు తట్టినా ఒక చావు ఉంటుంది.

నాహా నగరం నుంచి దక్షిణంగా వెళ్తుంటే దారి పొడవునా చెరకు తోటలు. ఇహారాలో బస్సు దిగగానే పూల దుకాణాలు ఎదురవుతాయి. వచ్చినవాళ్లు అక్కడ పూలు కొనుక్కుని లోపలికి వెళ్తారు. నాలుగడుగులు వేస్తే నేల ఒక్కసారిగా నోరు తెరిచినట్టు ఒక గుంట. కంచె పట్టుకుని తొంగి చూస్తే సున్నపురాయి గుహ, లోపల చీకటి. యుద్ధంలో సైనిక ఆసుపత్రి మూడో శస్త్రచికిత్స విభాగం ఉన్న గుహ అదే. దాని అంచునే స్తూపం, వెనకే మ్యూజియం. బస్సుల్లో వచ్చిన యూనిఫాం పిల్లలు గుహ ముందు వరుసగా నిలబడి తలలు వంచి, తర్వాత లోపలికి వెళ్తున్నారు.

మొదటి గదిలో యుద్ధం లేదు, బడి ఉంది. నాహా దగ్గర అసాతో అనే చోట రెండు బడులు ఒకే ఆవరణలో ఉండేవి. ఒకటి ఒకినావా నార్మల్ స్కూల్ మహిళా విభాగం, అంటే ప్రాథమిక పాఠశాల టీచర్లకు శిక్షణ ఇచ్చేది. రెండోది ఒకినావా మొదటి బాలికల హైస్కూలు. హాస్టలు, ఈతకొలను, గేటు దాకా రెండు వైపులా చెట్లు. ఫోటోల్లో పిల్లలు పళ్లు కనిపించేలా నవ్వుతున్నారు. 2021లో మ్యూజియాన్ని మళ్లీ తీర్చిదిద్దినప్పుడు ఇలాంటి నవ్వు ముఖాల ఫోటోలకే ఎక్కువ చోటిచ్చారు. ఆ ఎంపిక వెనుక ఉద్దేశం నాకు వెంటనే అర్థమైంది. ఇవాళ్టి పిల్లలు వచ్చి చూస్తే వీళ్లూ మనలాంటివాళ్లే అనిపించాలి. చావుతో మొదలుపెడితే అలా అనిపించదు.

అదే గదిలో ఫోటోలు సంవత్సరం సంవత్సరం ఎలా మారుతూ పోయాయో చూడాలి. సెయిలర్ కాలరు యూనిఫాం పోయింది. ఇంగ్లీషు తరగతులు పోయాయి. పుస్తకం పట్టాల్సిన చేతుల్లోకి పారలు వచ్చాయి. కందకాలు తవ్వడానికీ, విమానాశ్రయాలు చదును చెయ్యడానికీ పిల్లల్ని పంపారు. దేశం కోసం, చక్రవర్తి కోసం ప్రాణం ఇవ్వడమే గొప్ప అని ప్రతి పాఠంలోనూ చెప్పారు. శత్రువుకి చిక్కడం కంటే చావడం మేలని చెప్పారు. చిక్కితే ఆడపిల్లల్ని చెరిచి చంపుతారని చెప్పారు. ఇవన్నీ చెప్పింది ఊళ్లో గాలి కబుర్లు మోసేవాళ్లు కాదు. పిల్లలు ఎంతో గౌరవించే మాస్టార్లు చెప్పారు. మాస్టారు చెప్పాడంటే నిజమే అన్న నమ్మకం మనకీ తెలుసు. మన మాస్టారు అలాంటి నమ్మకాన్ని మంచికి వాడారు కాబట్టే ఇవాళ మనం ఇక్కడ కూర్చున్నాం. అదే నమ్మకం ఇంకో చోట ఎటు పోయిందో ఈ గదిలో కనిపిస్తుంది.

1945 మార్చి 23 రాత్రి ఈ రెండు బడుల నుంచి 222 మంది విద్యార్థినులూ 18 మంది టీచర్లూ హాయెబారులోని సైనిక ఆసుపత్రికి బయల్దేరారు. పిల్లల వయసు 15 నుంచి 19. ఎర్రక్రాసు గుర్తున్న పెద్ద ఆసుపత్రి భవనంలో తెల్ల మంచాల పక్కన నర్సు పని చేస్తామనీ, వారం పది రోజుల్లో జపాన్ గెలుస్తుందనీ, మళ్లీ బడికి వచ్చేస్తామనీ వాళ్లు అనుకున్నారు. అందుకని పుస్తకాలూ నోట్సులూ సర్దుకున్నారు. దశాబ్దాల తర్వాత గుహల మట్టిలోంచి తీసిన వస్తువులు మ్యూజియం అద్దాల బల్లల్లో ఉన్నాయి. పెన్సిలు పెట్టె, ఫౌంటెన్ పెన్ను, దువ్వెన, రాసేటప్పుడు కాగితం కింద పెట్టుకునే పల్చటి అట్ట. ఆ అట్ట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కింది కాగితం మీద అచ్చు పడకూడదనీ, అక్షరం గుండ్రంగా రావాలనీ జాగ్రత్తపడే పిల్ల దాన్ని సంచిలో పెట్టుకుంది. తనని ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఆ పిల్లకి చెప్పినవాళ్లెవరూ లేరు.

హాయెబారులో ఆసుపత్రి అంటే కొండకి అడ్డంగా తవ్విన సొరంగాలు, నలభై దాకా. మనిషి నిలబడితే తల తగిలేంత ఎత్తు. గోడ వెంబడి రెండంతస్తుల చెక్క బల్లలు, వాటి మీద గాయపడ్డ సైనికులు. అక్కడి 20వ నంబరు సొరంగాన్ని 2007 నుంచి జనానికి చూపిస్తున్నారు. హెల్మెట్ పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని లోపలికి నడవాలి. పిల్లల పని పుండ్లు కడగడం, వాటిలోంచి పురుగులు ఏరడం, మలమూత్రాలు ఎత్తడం, మత్తుమందు చాలని ఆపరేషన్లలో కాళ్లూ చేతులూ పట్టుకోవడం, నరికిన అవయవాలు బయటికి తీసుకెళ్లి పాతడం, శవాలు మొయ్యడం. అన్నం వండే చోటు కొండకి అవతలి వైపు ఉండేది. ఫిరంగి గుళ్ల మధ్య పెద్ద పీపాలో అన్నం పెట్టుకుని ఇద్దరేసి పిల్లలు కొండ ఎక్కి దిగేవారు. ఆ కాలిబాట ఇప్పటికీ ఉంది, నడవచ్చు. మొదట్లో చేతి నిండా ఉండే అన్నం ముద్ద రోజులు గడిచేకొద్దీ తగ్గి తగ్గి పింగ్‌పాంగ్ బంతి అంతైందని బతికినవాళ్లు చెప్పారు.

ఆసుపత్రికి వచ్చిన ఆరో రోజు రాత్రి, మార్చి 29న, అక్కడే ఒక చిన్న గుడిసెలాంటి షెడ్డులో వాళ్లకి పట్టా ప్రదానోత్సవం జరిగింది. కొవ్వొత్తుల వెలుగు, బయట గుళ్ల మోత. ఆ ఉత్సవం కోసం సంగీతం మాస్టారు ఒక వీడ్కోలు పాటకి బాణీ కట్టి, పిల్లలకి నేర్పి ఉంచారు. దాన్ని పాడలేదు. సైనిక గీతం పాడించారు. ఆ మాస్టారు తర్వాత ఇహారా గుహలో చనిపోయారు. బడి తన పాట తానే పాడుకోలేని స్థితికి వచ్చిందంటే, అది ఇంకా బడేనా అని అడగాలి.

మే నెలాఖరుకి జపాన్ సైన్యం షురీ కోట వదిలి దక్షిణానికి తగ్గింది. గెలవడానికి కాదు. ఒకినావాలో పోరు ఎన్ని రోజులు సాగితే ప్రధాన భూభాగానికి అన్ని రోజుల వెసులుబాటు దొరుకుతుందన్న లెక్కతో. దక్షిణపు కొసన అప్పటికే తలదాచుకుంటున్న జనం మధ్యకి సైన్యం వచ్చిపడింది. గుహల్లోంచి జనాన్ని వెళ్లగొట్టిన సందర్భాలున్నాయి. హాయెబారు ఆసుపత్రికి మే 25న కదలమని ఆజ్ఞ వచ్చింది. నడవలేని రోగుల్ని వదిలేశారు, వాళ్లలో కొందరికి పాలల్లో సయనైడు కలిపి ఇచ్చారు. గాయపడ్డ తోటి విద్యార్థినుల్ని కూడా మోసుకుపోలేక వదిలి రావాల్సి వచ్చిన పిల్లలున్నారు. వాళ్లు వానలో, బురదలో, రాత్రిపూట నడిచి దక్షిణం చేరారు.

ఇప్పుడు కొన్ని అంకెలు చెబుతాను. మార్చి 23 నుంచి జూన్ 18 దాకా, దాదాపు 90 రోజుల్లో, హిమేయురి దళమని పిలిచే ఈ 240 మందిలో చనిపోయినవాళ్లు 19 మంది. జూన్ 18 రాత్రి దళాన్ని రద్దు చేస్తున్నామని ఆజ్ఞ వచ్చింది. ఇకనుంచి ఎవరి దారి వారు చూసుకోవాలి. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే వంద మందికి పైగా పోయారు. మొత్తం 240 మందిలో 136 మంది చనిపోయారు, 123 మంది పిల్లలు, 13 మంది టీచర్లు. రెండు బడుల్లో దళంలో చేరనివాళ్లని కూడా కలుపుకుంటే 227.

90 రోజుల్లో 19, నాలుగైదు రోజుల్లో వంద. ఈ తేడా ఎందుకొచ్చిందని ఆగి ఆలోచించాలి. పనికి వచ్చినన్నాళ్లూ దళం, పని అయిపోయాక విడివిడి ఆడపిల్లలు. చుట్టూ అమెరికన్ సైన్యం, తలమీద ఫిరంగులు, పక్కన సముద్రం. గుహలోంచి బయటికి పొమ్మన్నవాళ్లు లొంగిపోవచ్చు అన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు. లొంగితే చంపబోమని రాసిన కరపత్రాలు ఆకాశంలోంచి రాలుతూనే ఉన్నాయి. వాటిని నమ్మకూడదని బడిలో చెప్పారు. పిల్లలు బడిని నమ్మారు. 19వ తేదీ పొద్దున్న ఇహారాలోని మూడో విభాగం గుహ ముందుకి అమెరికన్ సైనికులు వచ్చి బయటికి రమ్మని పిలిచారు. ఎవరూ రాలేదు. గుహలోకి గ్యాసు బాంబులు పడ్డాయి. లోపల సుమారు వంద మంది ఉంటే ఎనభై మందికి పైగా చనిపోయారు. అందులో హిమేయురి పిల్లలూ టీచర్లూ నలభై మందికి పైనే. ఒకినావాలో యుద్ధం ముగిసిన రోజుగా గుర్తుపెట్టుకునేది జూన్ 23. నాలుగు రోజులు. లొంగిపోండి అన్న మాట ఒక్క పెద్దమనిషి నోటి నుంచి వచ్చి ఉంటే చాలు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాచుకోను.

ఆ మాట చెప్పిన మాస్టారు ఒకాయన ఉన్నారు. నకసోనె సెయిజెన్. 1907లో ఒకినావా ఉత్తర ప్రాంతంలోని నకిజిన్‌లో పుట్టారు. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో చదివి వచ్చి నార్మల్ స్కూల్లో పాఠం చెప్పారు. పిల్లలతోపాటు హాయెబారుకి వెళ్లారు, దక్షిణానికి నడిచారు, మెడకి గాయమైంది. ఆఖర్న కొంతమంది పిల్లలతో సముద్రపు ఒడ్డున అమెరికన్ సైనికుల మధ్య చిక్కుకున్నారు. పిల్లల చేతిలో గ్రెనేడు ఉంది. పిన్ను తియ్యబోతుంటే వద్దని ఆపారు. వాళ్లు బతికారు. అక్కడికి కొద్ది దూరంలోనే అరసాకి ఒడ్డున జూన్ 21న ఇంకో గుంపు చిక్కుకుంది. అక్కడ తూటాలు పేలడం మొదలైపోయింది, గ్రెనేడు పిన్ను లాగారు, ఒక టీచరుతో సహా పది మంది పోయారు. రెండు ఒడ్లనీ పోల్చి ఒక మాస్టారు గొప్ప, ఇంకో మాస్టారు తక్కువ అనడం న్యాయం కాదు, వాళ్లకి దొరికిన క్షణాలు వేరు. కానీ ఇన్నేళ్లు పిల్లలకి చెప్పిన పాఠాన్ని ఆ ఒడ్డున ఒక్క మాటతో వెనక్కి తీసుకోవడం నకసోనెకి ఎంత కష్టమై ఉంటుందో టీచర్లకి తెలుస్తుంది.

నకసోనె మాస్టారు అక్కడితో తాను గట్టెక్కానని అనుకోలేదు. వదిలి వచ్చిన పిల్లలు ఆయన్ని చివరిదాకా వెంటాడారు. యుద్ధం తర్వాత బతికిన పిల్లల రాతలు సేకరించి 1951లో పుస్తకంగా వేశారు. అప్పటికే ఈ పిల్లల మీద కల్పిత కథలు ప్రచారంలోకి వచ్చేశాయి, అవే నిజమని జనం నమ్మసాగారు. జరిగింది జరిగినట్టు ఉండాలన్నది ఆయన పట్టుదల. ఇంకో పక్క తన జీవితంలో పెద్ద భాగం ఒక నిఘంటువుకి ఇచ్చారు. పుట్టిన ఊరు నకిజిన్‌లో మాట్లాడే మాటలన్నిటినీ పోగుచేసి 1983లో అచ్చువేశారు. ఏ భాష మాట్లాడితే బడి మెడలో పలక వేసిందో, ఏ భాష మాట్లాడితే సైన్యం గూఢచారి అందో, ఆ భాషకి ఆ బడి మాస్టారే నిఘంటువు కట్టారు. బడి చేసిన రెండు తప్పుల్నీ ఒక్క మనిషి రెండు చేతులతో దిద్దుకుంటూ వచ్చినట్టు నాకనిపిస్తుంది. ఆయన 1995లో కన్నుమూశారు. ఈ మ్యూజియానికి మొదటి డైరెక్టరు ఆయనే.

నాలుగో గదికి వస్తాను. లోపలికి వెళ్లగానే మాటలు ఆగిపోతాయి. గోడల నిండా ముఖాలు. చనిపోయిన పిల్లలూ టీచర్లూ, ఒక్కొక్కరికి ఒక్కో ఫోటో. కొన్ని గ్రూపు ఫోటోలోంచి కత్తిరించి పెద్దవి చేసినవని చూడగానే తెలుస్తుంది, అంచులు మసకబారి ఉన్నాయి. కింద పేరు, ఊరు, ఎక్కడ ఎలా చనిపోయిందో, ఎలాంటి పిల్లో ఒకటి రెండు వాక్యాలు. పరుగుపందెంలో ముందుండేది, బాగా పాడేది, తక్కువ మాట్లాడేది, అందరినీ నవ్వించేది. కొందరి కింద ఎక్కడ పోయిందో తెలియదని మాత్రమే ఉంది. ఈ వాక్యాలు రాసింది తోటి పిల్లలే. అప్పటికి వాళ్లకి అరవై దాటాయి. ఫోటోల కోసం, వివరాల కోసం చనిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లారు. నువ్వు తిరిగొచ్చావు, మా పిల్ల ఏదీ అన్న చూపు ఆ గుమ్మాల్లో ఎదురవుతుందని తెలిసే వెళ్లారు. గది మధ్యలో బల్లల మీద పెద్ద అక్షరాల పుస్తకాలు తెరిచి ఉంటాయి, బతికినవాళ్ల సాక్ష్యాలు. నిలబడి చదువుకోవాలి.

ఆ గదిలో ఒక యువ ఉపాధ్యాయురాలు కనిపించింది. తన పిల్లల్ని తోటి టీచరుకి అప్పగించి, తాను టీచర్ల ఫోటోల దగ్గర నిలబడి ఒక్కొక్కటీ చదువుతోంది. పిల్లల ముఖాల దగ్గర జనం గుంపు కట్టారు, అటువైపు ఆమె ఒక్కతే. ఆ టీచర్లలో చాలామంది వయసు ఆమె వయసే ఉంటుంది. చదవడం అయ్యాక వెనక్కి తిరిగి తన క్లాసు పిల్లల్ని లెక్కపెట్టుకుంది, వేలితో, పెదవులు కదుపుతూ. విహారయాత్రలో టీచర్లు రోజుకి పదిసార్లు చేసే పనే అది. అక్కడ చూస్తే మాత్రం గుండె పట్టేసింది.

ఈ మ్యూజియం తలుపులు తెరుచుకున్నది 1989 జూన్ 23న. యుద్ధం అయిన 44 ఏళ్లకి. అన్నేళ్లు ఎందుకు పట్టిందన్నది తెలుసుకోవాల్సిన సంగతి. 1946 ఏప్రిల్‌లోనే గుహ ముందు చిన్న రాతి స్తూపం నిలబెట్టారు. నిలబెట్టింది మవాషి గ్రామస్తులు, వాళ్ల పెద్ద కిన్జో వాశిన్, ఆయన కూడా ఈ బడిలో చదివిన కూతుళ్లని పోగొట్టుకున్న తండ్రి. పొలాల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న ఎముకలు ఏరి సమాధి చేసినవాళ్లూ వీళ్లే. ఆ తర్వాత నవల వచ్చింది, 1953లో ఇమాయ్ తదాషి సినిమా వచ్చింది, దేశమంతా ఏడ్చింది. టూరిస్టు బస్సులు వచ్చాయి. తెల్లటి లిల్లీ పువ్వుల్లాంటి కన్నెపిల్లలు దేశం కోసం నవ్వుతూ ప్రాణాలిచ్చారన్న కథ స్థిరపడిపోయింది. బతికినవాళ్లు అది విని నోరు మూసుకున్నారు. తాము చూసింది పురుగులూ, చీమూ, దాహంతో అరిచే మనుషులూ. నవ్వుతూ చచ్చిపోయినవాళ్లని వాళ్లు చూడలేదు, అమ్మని పిలుస్తూ చచ్చిపోయినవాళ్లని చూశారు. అందమైన కథ చనిపోయినవాళ్లని పొగుడుతున్నట్టే ఉంటుంది, చంపినవాళ్ల పేరు మాత్రం చెప్పదు.

1980లలో పూర్వ విద్యార్థినుల సంఘం మ్యూజియం కట్టాలని నిర్ణయించుకుంది. ఆ పని మీదే చాలామంది యుద్ధం తర్వాత మొదటిసారి ఆ గుహల్లోకి దిగారు. అరవై ఏళ్ల ఆడవాళ్లు నిచ్చెనలు వేసుకుని దిగి, మట్టి తవ్వి, ఎముకలూ వస్తువులూ పైకి తెచ్చారు. ప్రభుత్వం సొమ్ముతో నడిచే సంస్థ కాదిది, వచ్చేవాళ్లు కొనే టిక్కెట్ల మీదే బతుకుతోంది. అందుకే ఏం చెప్పాలో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. తమకి బడిలో నిజం నేర్పలేదనీ, అడగడం నేర్పలేదనీ, తెలియక యుద్ధాన్ని తామూ నమ్మి మోశామనీ రాసుకున్నారు. బాధితులు తమ నమ్మకాన్ని కూడా విచారణకి పెట్టడం నేను ఇంకెక్కడా ఇంత స్పష్టంగా చూడలేదు. తెరిచిన రోజు నుంచి వాళ్లే గదుల్లో నిలబడి వచ్చినవాళ్లకి చెప్పారు. ఏళ్ల తరబడి ఆ రోజుల్నే మళ్లీ మళ్లీ చెప్పారు. 2015లో వయసు మీరిపోయి బృందాలకి చెప్పే ఉపన్యాసాలు ఆపేశారు. అప్పటికే యుద్ధం చూడని యువతుల్ని తమ పక్కన పెట్టుకుని తర్ఫీదు ఇచ్చారు. 2018లో డైరెక్టరు బాధ్యత ఫుతెన్మా చోకెయికి వచ్చింది, యుద్ధం తర్వాత పుట్టినవారిలో ఆ కుర్చీలోకి వచ్చిన మొదటి వ్యక్తి ఆమె.

హిమేయురి పేరు పెద్దదైపోయి మిగిలినవాళ్లు మరుగున పడకూడదు. ఒకినావాలో 21 పాఠశాలల నుంచి దాదాపు 2,000 మంది పిల్లల్ని పంపారు, సుమారు సగం మంది తిరిగి రాలేదు. పద్నాలుగేళ్ల మగపిల్లల చేత సందేశాలు మోయించారు. నాహాలో త్సుషిమా మారు మ్యూజియం కూడా చూడండి. త్సుషిమా మారు అంటే యుద్ధం రాకముందే పిల్లల్ని ఒకినావా నుంచి తరలించిన ఓడ. 1944 ఆగస్టు 22 రాత్రి అమెరికన్ జలాంతర్గామి బౌఫిన్ దాన్ని ముంచింది. చనిపోయిన సుమారు 1,500 మందిలో 784 మంది బడిపిల్లలు. ఆ సంగతి బయట మాట్లాడకూడదని ఆంక్ష పెట్టారు, పిల్లల కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకి కూడా చెప్పలేదు. ఆ పిల్లల్ని ఓడెక్కించడానికి పేర్లు రాసుకుంది కూడా బడి టీచర్లే.

ఒకినావాలోనే మబుని గుట్ట మీద 1995లో వెలిసిన శాంతి శిలలు ఇంకో ముఖ్యమైన చోటు. నల్లరాతి పలకల మీద 2,40,000కు పైగా పేర్లు. ఒకినావావాళ్లవి, జపాన్ సైనికులవి, అమెరికన్లవి, కొరియా, తైవాన్ మనుషులవి. కొరియా నుంచి బలవంతంగా తెచ్చిన కూలీలూ, స్త్రీలూ ఎందరో ఆ నేల మీద పోయారు, వాళ్లందరి పేర్లూ ఇంకా ఆ రాళ్ల మీదికి రాలేదు. ఏటా జూన్‌లో కొత్త పేర్లు చెక్కుతూనే ఉన్నారు.

అక్కడి నుంచి నేను మన జిల్లాలకి వస్తాను, ఆఖరుగా. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. రేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేసినప్పుడు రేవులో చనిపోయినవాళ్లలో మనవాళ్లు ఎందరో. ఆ తర్వాత లక్షలాది మంది భారతీయులు అడవుల గుండా, కొండల మీదుగా అరకాన్, మణిపూర్ దారుల్లో నడిచారు. కలరాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు, చంకలో పిల్లలు పోయారు, చెయ్యి పట్టుకు నడిచిన పిల్లలు తప్పిపోయారు. వీళ్లూ యుద్ధంలో పోయిన పౌరులే, వీళ్లూ పిల్లలే. వీళ్ల ఫోటోలతో మనకి ఒక్క గోడ లేదు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు చిరునామాల్లో ఉంది, అది 1960లలో తిరిగొచ్చినవాళ్లది. 1942లో నడిచినవాళ్ల కోసం ఆపాటి పేరు కూడా లేదు.

ఆ నడక నడిచినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. కానీ తల్లి చంకలో వచ్చిన పసివాళ్లు ఎనభై దాటి ఇంకా కొందరున్నారు. అమ్మ చెప్పగా విన్నవి వాళ్లకి గుర్తున్నాయి. ఒకినావా ఆడవాళ్లు చేసిన పని మన హైస్కూలు పిల్లలు చెయ్యగలరు. ఊరూరా వెళ్లి, ఎవరి ఇంట్లో ఎవరు రంగం వెళ్లారు, ఎవరు తిరిగి రాలేదు, ఆ మనిషి ఎలాంటి మనిషి అని అడిగి రాయడం. పాత పెట్టెల్లో ఫోటో ఉంటే ఫోనుతో తీసుకోవడం. పేరు ఒక్కటే దొరికితే పేరు రాసుకోవడం.

స్మారక కమిటీ ఏటా ఈ ఉపన్యాసానికి ఇచ్చే పారితోషికాన్ని నేను తీసుకోవడం లేదు. ఆ డబ్బుతో ఈ పని మాస్టారు పనిచేసిన హైస్కూల్లో తొమ్మిదో తరగతి నుంచి మొదలుపెట్టమని అడుగుతున్నాను. ఏం అడగాలో ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసి తెచ్చాను, వేదిక దిగగానే కార్యదర్శి గారికి ఇస్తాను. ఈ హాల్లో రంగం వెళ్లిన ఇంటివాళ్లు ఎవరైనా ఉంటే, వెళ్లే ముందు దయచేసి గుమ్మం దగ్గరి పుస్తకంలో మీ పేరూ ఊరూ రాసి వెళ్లండి.